విమానం ఎక్కితే అప్పు దిగిపోతుందట!

విదేశాలకు బయల్దేరే మన కుర్రకారు మధ్య కొన్నేళ్లుగా ఒక కొత్త వేదాంతం ప్రచారంలో ఉంది. దాని సారమంతా ఒక్క ముక్కలో ఇమిడిపోతుంది: శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ ముద్ర పడగానే మనిషితో పాటు అతని అప్పులకూ మోక్షం. పర్సనల్ లోను, రెండు క్రెడిట్ కార్డులు, ఫోను కొన్న ఈఎంఐ, అవసరానికి యాప్‌లో లాగిన పాతికవేలు, అన్నీ డిపార్చర్ గేటు బయట అమ్మానాన్నల పక్కన నిలబడి, చెయ్యి ఊపి, కళ్లు తుడుచుకుని, పార్కింగు డబ్బులు కట్టి ఇంటికి వెళ్లిపోతాయి. "అక్కడిదాకా ఎవడొస్తాడ్రా?" అన్నది ఈ వేదాంతంలో మహావాక్యం.

ఇందులో చివరి ముక్క మాత్రం అక్షరాలా నిజం. అప్పులు ఇంటికే వెళతాయి. అమ్మానాన్నలతో పాటు అదే కారులో.

ఉపదేశం చేసే గురువులకు కొదవ లేదు. అమీర్‌పేట హాస్టల్లో పక్క మంచం వాడు ఒకడు. వాడింకా వీసా ఇంటర్వ్యూకే వెళ్లలేదు గానీ డల్లాస్ సంగతులన్నీ కంఠతా వచ్చు. పోయినేడు వెళ్లిన సీనియర్ ఇంకొకడు. "కట్టడం మానేసి ఏడాదైంది మామా, ఏం కాలేదు" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజీ పంపిస్తాడు. ఏం కాలేదంటే తనకేం కాలేదని. వాళ్ల నాన్నగారి వాయిస్ మెసేజీ మాత్రం ఎవరూ పంపించరు. మూడో గురువు పెళ్లిలో పంక్తి భోజనాల దగ్గర తగిలే బాబాయి. ఆయన ఏనాడూ బెజవాడ దాటింది లేదు, అయినా అంతర్జాతీయ రుణచట్టంలో దిట్ట. అరిటాకులో గోంగూర కలుపుతూ తీర్పు చెప్పేస్తాడు: "బ్యాంకులకి అంత తీరిక ఎక్కడిదిరా, రానిబాకీ కింద రాసేసి ఊరుకుంటారు." రానిబాకీ కింద రాసుకోవడం బ్యాంకు తన పుస్తకాలు సర్దుకోవడం కోసం, బాకీదారు నెత్తిన పాలు పొయ్యడం కోసం కాదని బాబాయికి ఎవరూ చెప్పలేదు. రాసేసుకున్న తరవాత కూడా వసూలు చేసే హక్కు అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఆ హక్కును ఇంకో కంపెనీకి అమ్మేస్తారు కూడా.

ఈ వేదాంతంలో రెండు దశలున్నాయి. ఉన్న అప్పు ఎగ్గొట్టడం ప్రాథమిక దశ. ఎగ్గొట్టడానికే అప్పు చెయ్యడం ప్రౌఢ దశ. "వీసా స్టాంపింగ్ అయిందా? రిజైన్ చెయ్యకముందే లాగెయ్" అంటారు గురువులు. జీతం స్లిప్పులు పనికొచ్చే రోజుల్లోనే, నోటీసు పీరియడ్ మొదలవకముందే, ఒకే వారంలో మూడు చోట్ల పర్సనల్ లోన్లు తీసుకోవాలట, ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసేలోపు. పాపం, సిలబస్ పాతది. అప్పుల వివరాలు క్రెడిట్ బ్యూరోలకు పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి నియమం పెట్టింది. అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం సిలబస్‌లోనే లేదు. ఇబ్బంది వచ్చి కట్టలేకపోతే అది బాకీ. మొదటి నుంచీ కట్టే ఉద్దేశమే లేకుండా తీసుకున్నాడని రుజువైతే అది మోసం, క్రిమినల్ కేసు. మనవాళ్లు తిట్టుగా వాడుకునే నాలుగొందల ఇరవై 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. తిట్టడానికి కొత్త నంబరు అంత బాగోదు గానీ, శిక్ష ఏడేళ్ల దాకా ఉంది.

ఈ విద్యకు మన సాహిత్యంలో ఆద్యుడు గిరీశం. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పుచ్చుకున్న ఇరవై రూపాయలు మధురవాణి పద్దులో ఖర్చయిపోయాక, విజయనగరంలో ముఖం చెల్లక, శిష్యుడు వెంకటేశాన్ని అడ్డం పెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారానికి మకాం మార్చాడు. 'కన్యాశుల్కం' తొలి ముద్రణ 1897. అంటే అప్పులవాళ్లకి మొహం చాటెయ్యడానికి ఊరు మారడం, దానికి చదువు అని పేరు పెట్టడం, మనకు నూటపాతికేళ్ల పైబడిన సంప్రదాయం. ఆ లెక్కన గిరీశమే మన తొలి ఎన్నారై. కాకపోతే గిరీశానికి పాన్ కార్డు లేదు, ఆధార్ లేదు, పూటకూళ్లమ్మ చేతిలో ఆటో డెబిట్ మ్యాండేటు లేదు, ష్యూరిటీ సంతకం పెట్టిన తండ్రి లేడు. ఈ నాలుగూ ఉంచుకుని గిరీశం వేషం కడితే రక్తి కట్టదు.

గిరీశాన్ని చదవనివాళ్లు విజయ్ మాల్యాని ఉదాహరిస్తారు. "తొమ్మిది వేల కోట్లవాణ్ని ఏం పీకారు? నా పద్దెనిమిది లక్షలకి ఇంటర్‌పోల్ వస్తుందా?" ప్రశ్న న్యాయంగానే ఉంది. మాల్యా 2016 మార్చిలో దేశం దాటాడు. అలాంటివాళ్ల కోసమని 2018లో పరారీ ఆర్థిక నేరగాళ్ల చట్టం తెచ్చారు. ఆ బిరుదుకు కనీస అర్హత వంద కోట్లు, కాబట్టి మన పద్దెనిమిది లక్షలవాడు దరఖాస్తు పెట్టుకున్నా ఇవ్వరు. మాల్యాకి 2019 జనవరిలో ఇచ్చారు. ఇక ఏం పీకారంటారా, 14,000 కోట్లకు పైగా విలువైన అతని ఆస్తులు ప్రభుత్వ బ్యాంకులకు తిరిగి చేరాయని ఆర్థిక మంత్రి 2024 డిసెంబర్‌లో లోక్‌సభలో చెప్పారు. అప్పు కన్నా ఎక్కువే గుంజుకున్నారని మాల్యానే లండన్ నుంచి మొత్తుకుంటున్నాడు. మనిషి దొరక్కపోయినా ఆస్తి ఇక్కడ ఉంటే చాలన్న సూత్రం వేలకోట్లకూ ఒకటే, నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కట్టుకున్న రెండు పోర్షన్ల ఇంటికీ ఒకటే.

"ఎయిర్‌పోర్టులో ఆపరు కదా?" అని కొందరికి దింపుడుకళ్లం ఆశ. ఎగవేతదారులు దేశం దాటకుండా లుకౌట్ సర్క్యులర్లు అడిగే అధికారం 2018లో ప్రభుత్వ బ్యాంకుల అధిపతులకు ఇచ్చారు, 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆపకపోవడమంటే మాఫీ చెయ్యడమని మాత్రం ఆ తీర్పులో ఎక్కడా లేదు.

కాస్త చదువుకున్న వేదాంతి 'లిమిటేషన్' అనే మాట వాడతాడు. బాకీకి ఆయుష్షు మూడేళ్లు, అది దాటితే కాలదోషం, ఇక కోర్టుకెళ్లినా చెల్లదు. ఈ లెక్క మన ఊళ్లలో ప్రో నోటు రాసినవాడికీ తెలుసు, రాయించుకున్నవాడికీ తెలుసు. మూడేళ్లు నిండబోతున్నాయనగా వందో రెండొందలో పుచ్చుకుని నోటు వెనక జమ రాయించి సంతకం పెట్టించుకునేది అందుకే. మన వేదాంతి ఈ మూడేళ్లను అమెరికాలో గడిపేసి, కడిగిన ముత్యంలా తిరిగొద్దామని పథకం వేస్తాడు. అయితే 1963 నాటి లిమిటేషన్ చట్టంలో పదిహేనో సెక్షన్ ఉంది, దానికి అయిదో ఉపసెక్షన్ ఉంది. దావా గడువు లెక్కేసేటప్పుడు ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని తీసెయ్యాలని అది చెబుతుంది. ఇతను విమానం ఎక్కిన క్షణాన ఆ మూడేళ్ల గడియారం ఆగిపోతుంది. న్యూజెర్సీలో పదేళ్లున్నా కాలదోషం ఒక్క రోజు ముందుకు జరగదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకున్నా మూడేళ్లకి తెగిపోయే ఛాన్సున్న బాకీ, దేశం దాటిన పుణ్యాన చిరంజీవి అవుతుంది. అప్పు ఎగ్గొట్టాలనుకునేవాడికి విదేశయానమంత తెలివితక్కువ మార్గం ఇంకోటి లేదు. ఈ సెక్షన్ రాసినవాళ్లకి మన అమీర్‌పేట గురువు గురించి ముందే తెలిసినట్టుంది.

సరే, చట్టాలు అవతల పెడదాం. ఈ కథలో అసలు పాత్ర రంగం మీదికి ఇంకా రాలేదు. ఆయన బ్యాంకులో ఫారం మీద 'కో-అప్లికెంట్' అన్నచోట సంతకం పెట్టినవాడు. మేనేజరు గారి టేబులు ముందు కుర్చీ అంచున కూర్చుని, చూపించిన చోటల్లా పెట్టుకుంటూ పోయినవాడు. ముప్పై నలభై సంతకాలుంటాయి, చదవడానికి వీలుండదు, చదివినా ఇంగ్లిషు. చివరి పేజీ దగ్గర "ఇదేమిటండీ?" అని అడిగితే "ఫార్మాలిటీ అండీ" అంటారు. ఆ ఫార్మాలిటీ పేరు 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 128వ సెక్షన్. అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో ష్యూరిటీకీ అంతే బాధ్యత అంటుంది అది. ముందు కొడుకు వెంట పడి, వాడు దొరక్కపోతేనే తండ్రి దగ్గరికి రావాలన్న నియమమేదీ లేదు. 1968లో బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది. కో-అప్లికెంట్ అయితే ఆ మాత్రం చర్చ కూడా అక్కర్లేదు, అప్పు ఆయన సొంతం. "అక్కడిదాకా ఎవడొస్తాడ్రా" అన్నది బ్యాంకుకు కూడా తెలుసు. అందుకే అది అక్కడిదాకా రాదు. తెనాలి దాకా, హుజూరాబాద్ దాకా, ప్రొద్దుటూరు దాకా వస్తుంది. బస్సు చార్జీ తక్కువ.

వచ్చే పద్ధతి కూడా ఒకసారి దగ్గరగా చూడాలి. ఏడున్నర లక్షలు దాటిన చదువు లోనుకు బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. పొలం కన్నా ఇల్లంటే, ప్లాటంటే వాటికి ముద్దు, ఎందుకంటే కోర్టు గడప తొక్కకుండా స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. కిస్తీ తొంభై రోజులు దాటితే ఖాతా మొండిబకాయి. తరవాత అరవై రోజుల నోటీసు. ఆ తరవాత ఒక రోజు పొద్దున ఇద్దరొచ్చి గుమ్మం పక్క గోడకి కాగితం అంటించి, దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని వెళతారు. వారంలో అదే ప్రకటన పేపర్లో వస్తుంది, ఒకటి ఇంగ్లిషులో, ఒకటి ఊరందరూ చదివే తెలుగులో. సర్వే నంబరు, గజాలు, హద్దులు: తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర ఫలానా వారి ఖాళీ స్థలం, ఉత్తరాన పంచాయతీ రోడ్డు. బాకీదారు పేరు పక్కన తండ్రి పేరు, ఊరి పేరు. తూర్పు హద్దు ఆయన పేపరు మడిచి పట్టుకుని, కాఫీ టైముకి పరామర్శకి వస్తాడు. "అబ్బాయి మొన్ననే గ్రాండ్ కేన్యన్ ఫొటోలు పెట్టాడు కదండీ" అంటాడు.

అందరూ ఎగ్గొట్టే రకం కాదు, ఒప్పుకుంటాను. ఎక్కువమంది కట్టాలనే వెళతారు. వాళ్లతో చిక్కల్లా లెక్క వేసే తీరులో ఉంది: జీతాన్ని రూపాయల్లోకి మార్చి, అద్దెను డాలర్లలోనే ఉంచేస్తారు. "నెలకి ఆరు వేల డాలర్లు. మన లెక్కలో అయిదు లక్షల పైమాటే! ఏడాదిలో ఊదిపారేస్తా." ఎలా ఊదుతాడో చూద్దాం. నలభై లక్షల చదువు లోను, పదకొండు శాతం వడ్డీ. రెండేళ్ల కోర్సు, ఆపైన ఆరు నెలలు కిస్తీ కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ కూడా పడుకుని నిద్రపోతుందని మనవాడి నమ్మకం. సాధారణ వడ్డీ లెక్కనే ఈ రెండున్నరేళ్లకి పదకొండు లక్షలవుతుంది. మొదటి కిస్తీ నాటికి బాకీ నలభై కాదు, యాభై ఒకటి. పదేళ్లకి సర్దితే నెలకి 70,000 పైన. డాలర్ తొంభై రూపాయలనుకున్నా ఎనిమిది వందల డాలర్లకి దగ్గర.

ఇది ఒక్క బ్యాంకు లోను సంగతి. ఫీజుకి లోను సరిపోక, టికెట్టుకీ లాప్‌టాప్‌కీ మొదటి ఆరు నెలల ఖర్చుకీ తీసుకున్న పర్సనల్ లోను ఉంటుంది. పది లక్షలు, పద్నాలుగు శాతం, అయిదేళ్లు అంటే నెలకి 23,000 పైన. దీనికి విరామం గిరామం లేదు, వచ్చే నెల అయిదో తారీకు నుంచే మొదలు. వీసాకి ఖాతాలో డబ్బు చూపించడం కోసం బయట తెచ్చిన అయిదు లక్షలుంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకి పదివేలు, అసలు అంగుళం కదలకుండా. అంటే మనవాడు యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ వారానికి ఇరవై గంటల జీతంతో బియ్యం కొనుక్కుంటున్న రోజుల్లోనే, ఇక్కడ నెలకి 33,000 కట్టాలి. కట్టేదెవరు? ప్లానులో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్న గడులన్నిట్లోనూ నాన్న పేరే రాసుకోవాలని బాకీదారుకీ తెలుసు, బ్యాంకుకీ తెలుసు. నాన్నకే చివర్న తెలుస్తుంది.

అమెరికాలో చదువయ్యాక దొరికే తాత్కాలిక పని అనుమతి, అదే ఓపీటీలో, మొత్తం తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఇక్కడేమో కోర్సయిన ఆర్నెల్లకి పెద్ద కిస్తీ మొదలు. ఈ రెండు గడువుల మధ్య ఉద్యోగం దొరకాలి, ఆ తరవాత లాటరీలో హెచ్-1బీ తగలాలి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అని వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో ప్రకటన వెలువడితే, ఇక్కడ ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి టీవీ ముందు అన్నం కంచాలు అలాగే ఉండిపోయాయో ఊహించుకోవచ్చు. ఎవరో ఇంకో దేశాధినేత మూడ్ మీద ఆధారపడ్డ ఆదాయంతో పదేళ్ల కిస్తీ ప్లాను గీసుకోవడాన్ని మనం ఆత్మవిశ్వాసం అంటున్నాం.

కట్టాలనుకున్నవాడికి కట్టడం కూడా అంత తేలిక కాదు. ఇండియా సిమ్ము తొంభై రోజులు వాడకపోతే నంబరు పోయే ప్రమాదం, కాబట్టి అది నాన్నగారి ఫోనులో రెండో అరలోకి చేరుతుంది. డల్లాస్‌లో ఎండాకాలం సాయంత్రం అయిదంటే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. 

"నాన్నా, ఓటీపీ వచ్చిందా?"

"ఉండరా, కళ్లజోడు ఎక్కడ పెట్టానో..."

"తొందరగా నాన్నా, టైమైపోతుంది."

"ఆఁ, వచ్చింది. ఏడు... నాలుగు... ఇది ఒకటా, ఏడా? ఏమేవ్, ఓసారి ఇలా వచ్చి చూడు."

అయిపోయింది. మళ్లీ పంపించు. మూడుసార్లు తప్పితే లాక్. లాక్ తీయించాలంటే హోమ్ బ్రాంచిని సంప్రదించాలి. హోమ్ బ్రాంచి గచ్చిబౌలిలో, నాన్నగారు నరసరావుపేటలో, ఖాతాదారు టెక్సాస్‌లో. ఈలోగా అయిదో తారీకు రానే వస్తుంది, ఆటో డెబిట్ తన్నేస్తుంది, బౌన్సు చార్జీ, దాని మీద జీఎస్టీ. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తప్పడం చెక్కు బౌన్సుతో సమానమనీ, రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చనీ 2007 నాటి పేమెంట్ వ్యవస్థల చట్టం ఇరవై అయిదో సెక్షన్ చెబుతుంది. ఇంతకీ ఆ ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతాగా ఉండటమే తప్పు. చదువుకో ఉద్యోగానికో దేశం విడిచినవాడు విదేశీ మారక చట్టం ఫెమా లెక్కలో నాన్ రెసిడెంట్, ఖాతాని ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి. వెళ్లేముందు బ్రాంచిలో ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. ఆ పూట ఫేర్‌వెల్ బిర్యానీకి పోతుంది.

పదేళ్లు గడుస్తాయి. గ్రీన్ కార్డు సంగతి తేలదు గానీ కోకాపేటలో ఫ్లాటు మీద మనసవుతుంది. ముప్పై ఆరో అంతస్తు, చెరువు వైపు బాల్కనీ. సెలవుల్లో దిగి, బ్రోచరు పట్టుకుని హోమ్ లోనుకి వెళతాడు. బ్యాంకులో అమ్మాయి పాన్ నంబరు కొట్టి, తెర వైపు చూసి, మనవాడి వైపు చూసి, మళ్లీ తెర వైపు చూస్తుంది. ఎప్పుడో వెళ్లేముందు రోజుల్లో షూస్ కొన్న క్రెడిట్ కార్డు. అప్పటి బాకీ 38,000. నెలకి మూడు మూడున్నర శాతం చొప్పున కార్డు వడ్డీ ఏం చేస్తుందో, దాని మీద లేట్ ఫీజు ఏం చేస్తుందో వివరించి చెప్పడం ఇక్కడ అనవసరం. తొమ్మిది వందలకి లెక్కేసే సిబిల్ స్కోరులో మనవాడికి అయిదొందల చిల్లర. మూడు కోట్ల ఫ్లాటు రెండు జతల షూస్ దగ్గర ఆగిపోతుంది. అవి ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. సెటిల్మెంటు చేసుకుంటే చరిత్రలో 'సెటిల్డ్' అని పడుతుంది. వినడానికి గౌరవంగా ఉంటుంది గానీ, పూర్తిగా కట్టలేదనే దానర్థం.

"ఇండియా స్కోరుతో మాకేం పనండీ" అనేవాళ్లూ ఉన్నారు. 2019 నుంచే అమెరికాలో అమెక్స్ కంపెనీ కొత్తగా వచ్చినవాళ్ల స్వదేశపు క్రెడిట్ చరిత్ర చూసి కార్డులివ్వడం మొదలుపెట్టింది, ఆ దేశాల జాబితాలో ఇండియా మొదట్నుంచీ ఉంది. బుద్ధిగా కట్టినవాడికి అది వరం.

గల్ఫ్ వైపు ఈ వేదాంతం అంతగా పాకలేదు, అందుకు కారణముంది. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వెళ్లే మనిషికి లోనిచ్చేది బ్యాంకు కాదు. ఏజెంటుకి కట్టడానికి ఊళ్లో షావుకారు దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, భార్య పుస్తెలతాడు పెట్టి ఇంకొంత. షావుకారు రోజూ ఇంటి ముందునుంచే పొలానికి వెళతాడు. అందుకని మొదటి రెండేళ్ల జీతంలో ముందు వడ్డీ, తరవాత అసలు, ఆ తరవాతే ఇంటికి రేకుల బదులు స్లాబు. ఎండలో ఇనుప రాడ్లు మోసేవాడు పాటించే ఈ క్రమం ఏసీలో కోడు రాసేవాడికి ఎందుకు చేతకాదో నాకు అర్థం కాదు.

గల్ఫ్ నుంచి ఇటు పారిపోయి వచ్చినవాళ్ల కథ వేరు. దుబాయిలో కార్డులు నిండా గీకి, ఉద్యోగం ఊడగానే ఇంటికి విమానమెక్కిన బాపతు. వాళ్ల మహావాక్యం కూడా అదే, దిక్కు మారింది అంతే. 2020 జనవరిలో కేంద్రం సివిల్ ప్రొసీజర్ కోడు 44ఏ సెక్షన్ కింద యూఏఈని గుర్తించింది. అంటే అక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీని మన జిల్లా కోర్టులో, ఇక్కడి డిక్రీ ఎలాగో అలాగే అమలు చేయించుకోవచ్చు. దుబాయ్ బ్యాంకు కరీంనగర్ దాకా రావడానికి ఇప్పుడు రహదారి వేసి ఉంది.

బ్యాంకుల్ని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అంటే ఊరుకోను. పాతికేళ్ల కుర్రాడి ఫోనుకి రోజుకి మూడుసార్లు 'మీకు ఆరు లక్షలు రెడీగా ఉన్నాయి' అని కబురంపేది వాళ్లే. మూడు నొక్కుళ్లకి డబ్బు ఇచ్చేసి, కట్టకపోతే వాడి మేనత్తకీ పాత బాసుకీ ఫోన్లు చేయించేది కూడా వాళ్లు పెట్టుకున్న ఏజెంట్లే. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరవాత బాకీదారుకి ఫోను చెయ్యకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏజెంట్ల గడియారాల్లో మాత్రం ఎప్పుడూ తొమ్మిదిన్నరే. ఇచ్చేటప్పుడు బ్యాంకు బాధ్యత లేకుండా ఇచ్చిందన్నది నిజమే. అయితే ఆ పాపానికి శిక్ష బ్యాంకు ఎండీకి పడదు, నరసరావుపేటలో రెండు పోర్షన్ల ఇంటాయనకి పడుతుంది.

ఇంకో మాట వ్యంగ్యం లేకుండా చెప్పుకోవాల్సింది ఉంది. అప్పు తీసుకున్న పిల్లవాడే లేకుండా పోయినా కో-అప్లికెంట్ బాకీ పోదు. పరాయి దేశపు రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకుని, శవం రాకముందే కిస్తీ గుర్తుచేసే మెసేజీ చూసుకున్న తల్లిదండ్రులు మన మధ్యే ఉన్నారు. లోను ఎంతో అంతకి ఒక టర్మ్ పాలసీ తీసుకోవాలి. ఆ వయసులో దాని ప్రీమియం కార్డు లేట్ ఫీజుల పాటి కూడా ఉండదు.

మళ్లీ ప్రయాణం హడావిడిలోకి వద్దాం. సామాను జాబితా మాత్రం మనవాళ్లు ఎంత ముచ్చటగా రాస్తారని! రెండు సూట్‌కేసులు, ఒక్కోదానికి ఇరవై మూడు కిలోలు. ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలి, కుక్కరుకి అదనపు గాస్కెట్లు ఎన్ని, కందిపొడి ఎంత, కారప్పొడి ఎంత. తూకం మిషను తెప్పించి, అర కిలో ఎక్కువొస్తే పంచెల మడత తీసి జీడిపప్పు పొట్లం సర్ది, మళ్లీ తూస్తారు. అంత శ్రద్ధలో పదోవంతు ఒక తెల్లకాగితానికి పెట్టినా సరిపోతుంది. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ తారీకు, ఏ ఖాతా నుంచి, ష్యూరిటీ ఎవరు. క్రెడిట్ కార్డులూ యాప్ అప్పులూ విమానం ఎక్కకముందే తీర్చేసి, నో డ్యూస్ కాగితం చేతికి తీసుకోవాలి. వాటి వడ్డీ ముందు మిగతావి పిల్లకాకులు. కుదిరితే ఆరు కిస్తీల సొమ్ము ఎన్ఆర్ఓ ఖాతాలో కదపకుండా ఉంచాలి. పేరున ప్లాటుంటే, అవసరమైతే అమ్మడానికి పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడున్నప్పుడే రాసివ్వాలి, కాన్సులేట్ చుట్టూ తిరిగే పని తప్పుతుంది. బ్యాంకుకి కొత్త అడ్రసు, కొత్త మెయిలు చెప్పాలి. ఉద్యోగం రాకపోతే, కిస్తీ తప్పిన తరవాత కాదు, తప్పకముందే గడువు పొడిగించమని మెయిలు పెట్టాలి. ముందే రాసినవాడితో బ్యాంకు ఒకలా మాట్లాడుతుంది, తప్పాక ఫోనెత్తనివాడితో ఇంకోలా మాట్లాడుతుంది.

కాగితం రాశాక జిరాక్సు తీసి నాన్నగారికి ఇవ్వండి. ఇచ్చి వెంటనే షాపింగుకి లేచిపోవద్దు, కాసేపు అక్కడే కూర్చోండి. అందులో సగం పేర్లు ఆయన మొదటిసారి వింటారు. ప్రశ్నలుంటాయి.